ఆగకుండా అన్నోజిగూడకు

మా ఆఫీసులో సెలవు పెట్టి ఊళ్ళు తిరిగొచ్చిన వాళ్ళు వారం రోజులు ఆ కబుర్లే చెబుతారు. ఒకరు హిమాలయాల్లో మంచు తొక్కి వస్తారు, ఇంకొకరు సింగపూర్ నుంచి చాక్లెట్లు తెస్తారు. నేను ఈమధ్య ఒక శని, ఆదివారాల్లో నాచారం నుంచి అన్నోజిగూడ వెళ్ళొచ్చాను. మహా అయితే పదిహేను కిలోమీటర్లు. నవ్వకండి. వానాకాలంలో, పాత యూరప్ కారులో, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని మీరు ఆ దారిలో వెళ్ళి ఉండరు. వెళ్ళనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు కారు సంగతి. కంపెనీ పేరు చెప్పను. తప్పు ఎవరిదో చివర్లో మీకే తెలుస్తుంది, ఈలోగా ఎక్కడో ఉన్న వాళ్ళను ఆడిపోసుకోవడం ఎందుకు? నేను ఉప్పల్‌లో ఒక ల్యాబులో పనిచేస్తాను. ఇరవై ఏళ్ళు షేర్ ఆటోలో, ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగో మనిషిగా, ఒక కాలు బయటపెట్టుకుని వెళ్ళాను. ఏడాదిన్నర కింద నా డబ్బుతో, నాకు నచ్చిన కారు కొనుక్కున్నాను. అప్పటికే దానికి ఎనిమిదేళ్ళు. అయినా దాని తలుపు మూస్తే ఇనప్పెట్టె మూసినట్టు దబ్బున మెత్తగా పడుతుంది. ఆ చప్పుడు వినే కొన్నాను. పెళ్ళి దగ్గర్నుంచి పిల్లవాడి స్కూలు దాకా నా జీవితంలో అన్నీ నలుగురూ కూర్చుని నిర్ణయించినవే. ఇదొక్కటే నేను ఒక్కదాన్నే నిర్ణయించింది.

మా ఆయనకు అది మొదటి రోజు నుంచీ పడదు. దాని ఇండికేటర్ పుల్ల ఎడమ చేతి వైపు ఉంటుంది, వైపర్ పుల్ల కుడి వైపు. మన కార్లకు తిరగేసి ఉంటుంది కదా. ఆయన నడిపితే ప్రతి మలుపులో ఎర్రటి ఎండలో వైపర్లు కొట్టుకుంటాయి. వెనకాల వాళ్ళు నవ్వుతారు. రిపేరుకు వెళ్ళినప్పుడల్లా "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అంటాడు. తా వలచింది రంభ అని నేనూ ఊరుకుంటాను.

ఈ వానాకాలం మొదలయ్యాక మాత్రం ఊరుకునే పరిస్థితి పోయింది. నాలుగు చినుకులు పడితే కారుకు పూనకం వస్తుంది. అద్దాలు వాటంతట అవే దిగుతాయి. హారన్ దానంతట అదే మోగుతుంది. రెండుసార్లు ఉప్పల్ రోడ్డు మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. మూడు షెడ్లలో మూడు మాటలు చెప్పారు. ఒకాయన ల్యాప్‌టాప్ తగిలించి చూసి, ఏదో కంప్యూటర్ డబ్బా మార్చాలన్నాడు. ఆ డబ్బా ధర నా రెండు నెలల జీతం.

అప్పుడు మా ఆయన బోడుప్పల్‌లో ఈ కారు కొనే మనిషిని చూశాడు. నేను ఒప్పుకోలేదు. వాదించి వాదించి చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు.

"శనివారం అమ్మను అన్నోజిగూడ తీస్కపో. ఆదివారం తీస్కరా. నడుమల ఏడా బంద్ పడకుంటే ఉంచుకో, నేను మళ్ల నోరు తెరువ. బంద్ పడిందా, సోమవారం గాయన వస్తడు, తాళంచెవులు ఇచ్చెయ్. సాక్షి అమ్మ."

సాక్షిగా మా అత్తమ్మను మించినవాళ్ళు లేరు. మా పెళ్ళిచూపుల్లో మా అమ్మ మర్యాదకు "కాఫీ బాగుందా వదినగారూ?" అంటే "జర సల్లగున్నది" అన్న మనిషి. అబద్ధమాడటం ఆవిడకు చేతకాదు. సగం పందెం అప్పుడే ఓడిపోయాననుకున్నాను.

నాచారం

శనివారం ఉదయం ఆకాశం మబ్బుగా ఉంది గానీ వాన లేదు. నేను బ్యాగులు సర్దేలోపు అత్తమ్మ పళ్ళెం పట్టుకుని కారు దగ్గర నిలబడింది. ఆవిడ ఈ కారును "ఫారిన్ది" అంటుంది. దానిమీద నమ్మకం లేదు. నమ్మకం లేదు కనకే ప్రతి శుక్రవారం దానికి పూజ చేస్తుంది. కోడలు రోడ్డు మీద చిక్కుకుపోకూడదని ఆవిడ భయం. ప్రయాణమని ఆ రోజు అదనపు పూజ.

మా పుట్టింట్లో కొత్త బండికి ఒక్కసారి పూజ చేస్తే మళ్ళీ దసరా దాకా దాని మొహం చూడరు. మా నాన్న రైల్వే ఉద్యోగి, మేం రాజమండ్రి క్వార్టర్లలో పెరిగాం. దసరాకు స్కూటర్ కడిగి బొట్టుపెడితే అదే గొప్ప. ఇక్కడ అత్తమ్మ బానెట్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, అద్దం అడుగున వైపర్ల పక్కన బంతిపూలు వరసగా పేర్చి, గుప్పెడు అక్షింతలు చల్లింది. అక్కడైతే పూలు గాలికి పోవని ఆవిడ కనిపెట్టింది. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు.

అద్దం తుడుస్తుంటే వైపర్ కింద ప్లాస్టిక్ జాలీలో ఏదో పచ్చగా కనిపించింది. ఆకేదో ఇరుక్కుందనుకుని వేలు పెట్టాను, అందలేదు. వదిలేశాను.

"దండం పెట్టు బిడ్డా" అంది అత్తమ్మ. పెట్టాను. ఆ రోజు నాకు ఏ దేవుడైనా ఫరవాలేదు.

ఉప్పల్

రింగ్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. మెట్రో స్తంభాలు దాటి వరంగల్ రోడ్డెక్కాం. అక్కడినుంచి నారపల్లి దాకా పైన కట్టే వంతెన తాలూకు స్తంభాల వరస, కింద గుంతలు, గుంతల్లో నీళ్ళు, నీళ్ళలో మేము. బండ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి.

మొదట అత్తమ్మ వైపు అద్దం నెమ్మదిగా దిగింది. నేను బటన్ లాగితే సగం ఎక్కి మళ్ళీ దిగింది. జల్లు లోపలికి కొడుతుంటే ఆవిడ సంచీలోంచి గొడుగు తీసి కారు లోపలే విప్పింది. పక్క బస్సులోని జనం కిటికీల్లోంచి తొంగి చూశారు. ఆవిడ వాళ్ళవైపు కన్నెత్తి చూడలేదు.

తర్వాత హారన్. ముందున్న స్కూటర్ మనిషి వెనక్కి తిరిగాడు.

"ఏందక్కా, ముందట ట్రాఫిక్ కనిపిస్తలేదా? నా బండికేమన్న రెక్కలున్నయా?"

"మేం కొట్టలె కొడుకా, గదే కొట్టుకుంటున్నది" అంది అత్తమ్మ గొడుగు కిందనుంచి.

అతను గొడుగునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "గట్లయితే దవాఖానల సూపెట్టున్రి" అని ముందుకు తిరిగి కూర్చున్నాడు. నాకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అత్తమ్మ కూడా నవ్వింది. ఆవిడ నవ్వుతుంటే గొడుగు చివర కారు టాపుకు తగిలి టకటకమంది.

బోడుప్పల్

వాన తెరిపి ఇచ్చింది. డీజిల్ కోసం బంకులోకి తిప్పాను. పైపు పట్టుకున్న అమ్మాయి "డీజిలేనా మేడమ్?" అని మూడుసార్లు అడిగింది. ఈ కారును చూస్తే ఎవరికీ నమ్మకం కుదరదు. ఆ తర్వాత అందరూ అడిగేదే అడిగింది.

"మైలేజ్ ఎంతిస్తది?"

పెళ్ళయిన కొత్తలో "విశేషమేమైనా ఉందా?" అని అడిగేవారే, సరిగ్గా అదే గొంతు. పద్దెనిమిది అన్నాను. "అంత రాదు గదా" అని తనే తేల్చేసింది.

ఇంజన్ ఆపకుండా బంకులో నింపరు కాబట్టి ఆపాల్సి వచ్చింది. దేవుణ్ణి తలచుకుని మళ్ళీ తాళం తిప్పాను. అందుకుంది. అప్పుడు అత్తమ్మ వీధి వైపు చూస్తూ అడిగింది.

"మన కారును కొంటా అన్నాయన గీ ఊర్లనేనా ఉండేది?"

ఏడాదిన్నరలో ఆవిడ "మన కారు" అనడం అదే మొదటిసారి. లోపల చాలా సంతోషపడ్డాను.

నారపల్లి

రోడ్డు పక్కన బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తున్న వాసన. మావైపు మొక్కజొన్న పొత్తులంటాం, ఇక్కడ కంకులు. పేరు మారినా వాన పడుతుంటే నోరూరడం ఒకటే. ఒకటి ఇరవై రూపాయలు. అత్తమ్మ రెండు ముప్ఫైకి తెగ్గొట్టి, నిమ్మచెక్కతో ఉప్పూ కారం మరోసారి రుద్దించింది.

నేను ఇంజన్ ఆపకుండా స్టీరింగ్ ముందే కూర్చుని తింటున్నాను. మళ్ళీ అందుకుంటుందో లేదోనన్న భయం. కంకులమ్మే ఆవిడ "డీజిల్ ఊరికె వస్తున్నదా అమ్మా?" అని దెప్పింది. అత్తమ్మ కంకి గింజలు ఒలుస్తూ తీర్పు చెప్పింది.

"బంద్ చెయ్ బిడ్డా. మనం ఆపితే లెక్కల రాదు. దానంతట అది ఆగితేనే ఆగినట్టు."

సాక్షే చెప్పాక ఇంకేముంది? ఆపి, కిందికి దిగి, నిమ్మళంగా తిన్నాను.

అన్నోజిగూడ

చిన్నత్తమ్మ, అంటే అత్తమ్మ చెల్లెలు, గుమ్మంలోనే కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆవిడ మనవరాలికి మర్నాడు తొట్టెల. ఒకప్పుడు పొలాలుండే చోట ఇప్పుడు వరసగా మూడంతస్తుల ఇళ్ళు. అయినా ఆ ఇంటి వెనక పెరట్లో ఒక గేదె, దాని పక్కన రెండు బైకులు. సాయంత్రం సర్వపిండి పెట్టారు. గిన్నెకు అంటుకుని కాలిన అంచు కోసం అక్కాచెల్లెళ్ళు చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నారు.

ఆదివారం పొద్దున తొట్టెల. మాకు బారసాల అంటే పరమాన్నం, పులిహోర, ఉల్లిపాయ కూడా పడని వంట. ఇక్కడ తెల్లవారుతూనే మటన్ వచ్చింది. మధ్యాహ్నానికి బగారా అన్నం, మటన్ కూర, వెనకాలే పచ్చిపులుసు. పాపకు మేనత్త చెవిలో పేరు చెబుతుంటే ఆడవాళ్ళు తొట్టెల ఊపుతూ పాట ఎత్తుకున్నారు. నాకు పాట రాక చప్పట్లు కొట్టాను. మొదట్లో ఈ మాంసం సంగతి మా అమ్మకు చెప్పడానికి భయపడేదాన్ని. ఇప్పుడు రెండోసారి వడ్డించమని నేనే అడిగాను.

చేతులు కడుక్కుంటుంటే గోడ అవతల అత్తమ్మ గొంతు వినపడింది. ఎవరితోనో చెబుతోంది.

"ఫారిన్ది. మా కోడలు తన పైసలతోటి కొన్నది. నన్ను ముందటి సీట్ల కూసోవెట్టుకొనే తీస్కపోతది."

అదే నా ముందర పొగిడితే నేను ఏదో హాస్యమాడి తప్పించుకునేదాన్ని. గోడ చాటున వినేసరికి కళ్ళు తడిశాయి. ఈ కారును పోగొట్టుకోకూడదని అప్పుడు మరీ గట్టిగా అనిపించింది.

నర్సరీ ముందు

నాలుగింటికి బయల్దేరాం. ముందురోజు రాత్రంతా వాన పడింది. మేం కిలోమీటరు కూడా వెళ్ళకముందే మళ్ళీ వాన అందుకుంది. ముందు డాష్‌బోర్డులో దీపాలన్నీ దీపావళిలా వెలిగాయి. తర్వాత హారన్ గుక్కపట్టి ఏడ్చింది. ఆ తర్వాత ఇంజన్ ఆగిపోయింది. ఉన్న ఊపులో రోడ్డు పక్కకు తీయగలిగాను, అంతే.

తాళం తిప్పాను. టిక్కుమంది. మళ్ళీ తిప్పాను. అదీ లేదు.

"ఆగింది" అంది అత్తమ్మ మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. నలభై ఆరేళ్ళదాన్ని, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. ఏదో ఒక ఇనుప డబ్బా అని మీరనుకోవచ్చు. రేపట్నుంచి మళ్ళీ నాలుగో మనిషిగా, ఒక కాలు బయటపెట్టి వెళ్ళాలి. అది కూడా కాదు, నువ్వు ఎంచుకున్నది ఇంతేనన్న మాట ఇంట్లో ఎప్పటికీ ఉండిపోతుంది.

ఆగింది ఒక నర్సరీ ముందు. యజమాని మల్లేశ్, యాభై ఏళ్ళుంటాయేమో, నెత్తిన గోనెసంచి కప్పుకుని పరుగెత్తుకొచ్చాడు. "లోపటికి రాండ్రి అక్కా, తడుస్తరు" అని మమ్మల్ని పచ్చటి వల పందిరి కింద కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోశాడు. వాన కాస్త తగ్గాక కారును ఇంకొంచెం పక్కకు నెట్టడానికి వచ్చాడు. బానెట్ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"ఇదేందక్కా, బండిల బంతి చెట్టు వెట్టిన్రు?"

వైపర్ కింద జాలీలోంచి రెండు వేళ్ళ ఎత్తు మొలక తల బయటపెట్టి ఉంది. నేను ఆకనుకున్నది అదే.

"ఇదొక్కటేనా, నా బండికి లేని రోగం లేదు" అన్నాను. మూడు షెడ్ల కథ, డబ్బా ధర, రేపు రాబోయే బోడుప్పల్ మనిషి సంగతి అంతా ఏకరువు పెట్టాను. అతను మొలకనే చూస్తూ విన్నాడు.

"మోటర్ల గురించి నాకు తెల్వదక్కా. మొక్కల గురించి తెలుసు. విత్తనం ఊకె మొలవది. దానికి మట్టి గావాలె, తడి నిలువాలె. కుండీకి కింద బొక్క మూసుకపోతే ఏమైతది? నీళ్లు నిలుస్తయ్, వేరు కుళ్ళుతది. గీడ గూడ ఒక బొక్క ఉంటది సూడున్రి."

బానెట్ ఎత్తాను. అద్దం అంచున ఉన్న రబ్బరు పట్టీ తీసి, ఇద్దరం కలిసి ప్లాస్టిక్ జాలీ పైకి లేపాం. కింద తొట్టిలా ఉంది. దాన్నిండా నాలుగు వేళ్ళ లోతున ఎర్రటి నీళ్ళు. అందులో కుళ్ళిన బంతిరేకులు, ఉబ్బిన అక్షింతలు, కుంకుమ బురద. పక్కనే వైర్లు దిగిన నల్ల డబ్బా ఒకటి ఆ నీళ్ళలో మునిగి కూర్చుంది. షెడ్డు ఆయన మార్చాలన్న డబ్బా అదే అయ్యుంటుంది.

మల్లేశ్ ఒక ఇనుప చువ్వతో మూలల్లో వెతికాడు. ఎక్కడో గుచ్చుకుంది. బుడబుడమని చప్పుడు, ఆ వెంటనే చక్రం వెనక నీళ్ళు ధారగా పడ్డాయి. ఏడాదిన్నర శుక్రవారాలు రోడ్డు మీద పారిపోతున్నాయి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సామెత నా నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకంటే అత్తమ్మ పక్కనే నిలబడి ఆ పూలను చూస్తోంది.

"నేను వెట్టిన పూలేనా బిడ్డా?"

"కాదత్తమ్మా. మన వీధిలో చెట్ల కింద ఆపుతాం కదా. ఆకులు, చెత్త అన్నీ పడతాయి."

"అక్షింతలు గూడ చెట్టు మీదికెళ్లే పడ్డయా?"

ఆవిడ గోనెపట్టా అడిగి తీసుకుని, కొంగు నడుముకు దోపి, ఆ తొట్టిని తనే తుడవడం మొదలుపెట్టింది. నేను వద్దన్నా ఆగలేదు. మల్లేశ్ ఆ మొలకను మట్టితో సహా తీసి నల్ల కవర్లో పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. "బతుకుతది పెద్దమ్మా. కారుల బతికింది, ఇంట్ల బతుకదా?" అన్నాడు.

పొడిగుడ్డతో డబ్బా తుడిచి, వైర్లు ఆరబెట్టి గంటసేపు కూర్చున్నాం. మల్లేశ్ డబ్బులు తీసుకోనన్నాడు. అందుకని అత్తమ్మ మొక్కలు కొంది. రెండు గులాబీలు, ఒక మందారం, నాలుగు కనకాంబరాలు. ఆ రోజు ఒక్కదానికీ బేరమాడలేదు.

తాళం తిప్పాను. మొదటిసారి దగ్గింది. రెండోసారి అందుకుంది. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నేను మల్లేశ్‌కు దండం పెట్టాను. అతను సిగ్గుపడి గోనెసంచి నెత్తికి లాక్కున్నాడు.

మళ్ళీ నాచారం

బోడుప్పల్ దగ్గర కుండపోత. అద్దాలు కదల్లేదు, హారన్ నోరు మెదపలేదు. అత్తమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని గొడుగు ఒళ్ళోనే పెట్టుకుంది. కారు బాగైంది, నిజమే. కానీ షరతు షరతే. అది దానంతట అది ఆగింది, సాక్షి చూసింది. ఆవిడను అబద్ధమాడమని నేను అడగలేను, అడిగినా ఆవిడకు రాదు.

మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్ను అడగలేదు. నేరుగా తల్లి వైపు వెళ్ళాడు.

"ఏమైందే అమ్మా? ఆగిందా?"

"ఆగింది."

నేను తాళంచెవులు బయటికి తీశాను.

"ఏడ?"

"నర్సరీ కాడ. నేనే ఆపిన" అంది అత్తమ్మ, గులాబీ మొక్క ఆయన చేతిలో పెడుతూ. "తలుపు దియ్యి, ఇంక ఉన్నయ్ మొక్కలు."

ఆయన వెనక సీటు నిండా ఉన్న మొక్కలు చూశాడు, నన్ను చూశాడు. "గీ వానల మొక్కలేందమ్మా?" అని గొణుక్కుంటూ ఒక్కొక్కటే దించాడు. తర్వాత వరండాలో నిలబడి బోడుప్పల్ ఆయనకు ఫోన్ చేసి, రావద్దని చెప్పాడు. మాట మీద నిలబడే మనిషే, ఆ మాట ఒప్పుకోవాలి.

వంటింట్లోకి వెళ్ళి అత్తమ్మ చెవిలో అన్నాను. "నాకోసం మొదటిసారి అబద్ధమాడారు."

"ఏడ ఆడిన?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నా పూలే గద బిడ్డా ఆపింది. మరి నేను ఆపినట్టే గద."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. నేను గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మేమిద్దరం అలా పట్టుకున్నది ఎప్పుడూ లేదు. పూల సంగతి మా ఆయనకు చెప్పనని అప్పుడే అనుకున్నాను. ఇది రాయడానికి ముందు అత్తమ్మను అడిగాను. "రాయి, పదిమంది బండ్లు బాగుపడ్తయ్" అంది.

శుక్రవారం పూజ ఇప్పటికీ జరుగుతోంది. పూలు నేలమీద, చక్రం ముందు. కారు కదిలేముందు వాటిని తనే ఏరి తీసేస్తుంది. బంతి మొలక గేటు పక్కన కుండీలో ఉంది, జానెడు ఎత్తయింది, ఇంకా మొగ్గ తొడగలేదు. అత్తమ్మ రోజూ పొద్దున దానికి నీళ్ళు పోసి, వంగి కుండీ అడుగున వేలు పెట్టి, బొక్కలోంచి నీళ్ళు కారుతున్నాయో లేదో చూసుకుని లోపలికి వస్తుంది.